రెండు పాతవిచ్చి ఒక కొత్తది

“దాన్ని మాత్రం పెట్టెలో పెట్టకండి,” అంది ఆమె గుమ్మంలోంచే.

అతను వినిపించుకోలేదు. భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి, రెండు కెమెరాలనూ మొదటిరోజు బడికి పంపే పిల్లల్లా తుడిచి ముస్తాబు చేస్తున్నాడు. పెద్దది అతనిది. చిన్నది ఆమెది, దాని పట్టీ చివర పోగులు లేచిపోయాయి. వాటి అసలు అట్టపెట్టెలు అటక మీంచి దిగి పక్కన సిద్ధంగా ఉన్నాయి. పెళ్లి రోజు ఎప్పుడో గుర్తుపెట్టుకోలేని మనిషి, కెమెరాలు కొన్ననాటి పెట్టెలను మాత్రం ఇన్నేళ్లూ ప్రాణంలా దాచాడు.

“మిమ్మల్నే అంటున్నాను.”

“వింటున్నాను. పెట్టెలు లేకపోతే ఎక్స్చేంజ్‌లో నసుగుతారు.”

“మీది ఇచ్చుకోండి. నాదెందుకు?”

“ఒక్కటి ఇస్తే కొత్తది రాదు. రెండూ ఇస్తే వస్తుంది. షాపాయనతో మాట్లాడేశాను.”

“నాతో మాట్లాడారా?”

అతను రబ్బరు బుడ్డి నొక్కి లెన్సు మీద దుమ్ము ఊదాడు. అక్కడ దుమ్మేమీ లేదు. జవాబు చెప్పడం ఇష్టంలేనప్పుడల్లా అతనికి లెన్సు మీద దుమ్ము కనపడుతుంది.

బల్ల చివర ఈమధ్య అతను తీసిన ఒక పెళ్లి ఆల్బమ్ పడి ఉంది. వారం మొదట్లో పెళ్లికూతురి తండ్రి ముందుగదిలోని స్టూడియోకి వచ్చి కౌంటరు మీద విసిరేసి వెళ్లింది అదే. అతనే తెచ్చి ఇక్కడ పెట్టాడు. అప్పట్నించీ దాన్ని తెరిచేవాళ్లూ లేరు, తీసేవాళ్లూ లేరు. అన్నం గిన్నెలు కూడా దానికి దూరంగా జరిగి కూర్చుంటున్నాయి.

“మా అమ్మాయి పెళ్లికి పిలిచామా, వెనకున్న పరదా పెళ్లికి పిలిచామా?” అని అరిచాడు ఆ తండ్రి. వీధి వీధంతా విన్నది. పాపం, ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. పేజీ పేజీకీ పెళ్లికూతురి ముఖం ఆవిరి పట్టిన అద్దంలో చూసినట్టుంది. వెనక పరదా మీద పువ్వులు మాత్రం రేకు రేకూ స్పష్టంగా ఉన్నాయి.

ఆ పెళ్లికి ఆమె వెళ్లలేదు. జ్వరంతో మంచం మీద ఉంది. అతనొక్కడే వెళ్లాడు, ఒక్కడే తీశాడు, తర్వాత ఒక్కడే కంప్యూటరు ముందు కూర్చుని ఫోటోలు ఏరి ప్రింటుకు పంపాడు.

“కెమెరా ముసలిదైపోయింది,” అన్నాడు అతను ఇప్పుడు, ఎవరో అడిగినట్టు. “దాని తప్పు లేదు. ఎన్నేళ్లని మోస్తుంది? ఫోకస్ జారిపోతోంది. కొత్త మోడల్ తీసుకోక తప్పదు.”

“తీసుకోండి. నేను వద్దన్నానా? నా కెమెరా జోలికి రావద్దంటున్నాను.”

వాళ్ల కూతురు జడ అల్లుకుంటూ గదిలోంచి వచ్చింది. కాలేజీ పిల్ల. ఇంట్లో అందరికీ చిట్టి. అమ్మానాన్నలు పోట్లాడుకుంటే నాన్న పక్షాన చేరడం దానికి చిన్నప్పటి అలవాటు.

“అమ్మా, నువ్వు ఆ కొత్త మోడల్ వీడియో చూడలేదు. చూస్తే నువ్వే కొనమంటావు. మనిషి కన్ను ఎక్కడుందో అదే వెతుక్కుంటుంది. తెర మీద పచ్చరంగు చిన్న గడి వచ్చి కంటి మీద కూర్చుంటుంది. మనిషి నడిచినా, పరిగెత్తినా, తల తిప్పినా వదలదు. నాన్న బటన్ నొక్కితే చాలు.”

“నొక్కితే చాలా?” ఆమె భర్త వైపు తిరిగింది. “ఫోకస్ కెమెరాకి అప్పగించే మనిషేనా మీ నాన్న? చేత్తో తిప్పుకోనివాడు ఫోటోగ్రాఫరే కాదని మన దగ్గర పనికి చేరిన ప్రతివాడికీ క్లాసు పీకారు. నాకూ పీకారు.”

“అప్పటి మాట అది.”

“పోయిన ఏడాది కూడా అన్నారు.”

“కాలంతో పాటు మారొద్దా? మారితే తప్పు, మారకపోతే తప్పు. నీతో ఎలా వేగాలి?” అతను ఆమె కెమెరా పట్టీ చుట్టి పెట్టెలో కుక్కాడు. “అయినా మనకి రెండెందుకు చెప్పు? అసలు ఫోటోలు నేను తీస్తాను. నువ్వేదో పక్కన నిలబడి సరదాకి తీసుకుంటావు. ఆ సరదా ఫోన్‌తో తీర్చుకో.”

సరదాకి.

ఆ మాట ఆమెకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. నోటిదాకా వచ్చిన జవాబును ఎలా మింగిందో ఆమెకే తెలియాలి. చిట్టి కూడా అల్లుతున్న జడ ఆపి తల్లి ముఖంలోకి చూసింది.

“సరే,” అంది ఆమె. “మీ ఇష్టం.”

ఈ ఇంట్లో ఆమె ‘మీ ఇష్టం’ అన్నదంటే పోట్లాట ముగిసినట్టు కాదు. ఆ సంగతి తెలిసినవాడు కాబట్టే అతను తువ్వాలు భుజాన వేసుకుని గబగబా స్నానానికి పోయాడు. పోతూ పోతూ తలుపు చెక్కకు కుడి భుజం కొట్టుకుని, “ఈ తలుపు ఎవడు పెట్టాడ్రా ఇక్కడ!” అని విసుక్కున్నాడు. ఆ తలుపు అతను పుట్టకముందు నుంచీ అక్కడే ఉంది.

*

ఆమె దాస్తున్న సంగతి చిన్నదేమీ కాదు. పట్టుబడితే ఆయన పరువు ఏమవుతుందో, తన కాపురం ఏమవుతుందో అని ఆమె భయం.

ఈ భార్యాభర్తల పని తీరే వేరు. ఏ పెళ్లికి వెళ్లినా అతను మధ్యలో నిలబడతాడు. ఆమె అతని ఎడమ పక్కన, అరడుగు వెనక. తీసిన ఫోటోలన్నీ కంప్యూటర్లో పోసి, మంచివి ఏరి, చెడ్డవి పారేసే పని మొదట్నుంచీ ఆమెదే. ఆమె ఏరాకే అతను చూస్తాడు. వంట ఎవరు చేస్తారో, గిన్నెలు ఎవరు కడుగుతారో మాట్లాడుకోనట్టే ఈ ఇంట్లో ఇదీ ఎప్పుడూ చర్చకు రాలేదు. అలా కుదిరిపోయింది, అంతే.

మొదట్లో అతని ఫోటోల్లో మసకగా వచ్చినవి ఒకటో రెండో ఉండేవి. ఎవరికైనా వస్తాయి. పారేసింది. తర్వాత గుప్పెడయ్యాయి. అలిసిపోయి ఉంటారు అనుకుని పారేసింది. ఆ తర్వాత ముఖ్యమైన ఘట్టంలోనే అతనిది ఒక్కటీ పనికిరాకుండా పోయినప్పుడు ఏం చెయ్యాలో తోచలేదు. అదే క్షణాన, అరడుగు వెనకనుంచి తను తీసింది అద్దంలా ఉంది. దాన్ని తీసి అక్కడ పెట్టింది.

ఆల్బమ్ వచ్చాక అతను దాన్నే చూసి, “ఆ నవ్వు ఎక్కడ పట్టుకున్నానో చూశావా!” అన్నాడు.

“మీరు కాక ఇంకెవరు పట్టుకుంటారు?” అంది ఆమె.

అప్పుడు ఆమెకది అబద్ధంలా అనిపించలేదు. మొగుడి చొక్కాకి ఊడిన గుండీ కుట్టినట్టే అనుకుంది. ఆ తర్వాత అలా ఎన్ని గుండీలు కుట్టిందో! ఇప్పుడు ఆ చొక్కాలో అసలు బట్టకంటే ఆమె కుట్లే ఎక్కువ. జ్వరం వచ్చి ఆమె పడకేసిన ఒక్క పెళ్లికి మొత్తం బయటపడింది.

ఇప్పుడు ఆమె కెమెరా కూడా పోతే, ఇక ప్రతి పెళ్లీ అలాంటి పెళ్లే.

కానీ ఆ కొత్తది కన్ను వెతుక్కుంటుందట కదా? అప్పుడు బాధే ఉండదు కదా? అలాగని సర్దుకుందామంటే ఇంకో ఆలోచన ముల్లులా గుచ్చుకుంటోంది. కెమెరా పాడై ఫోటోలు మసకగా వచ్చాయే అనుకుందాం. ఏరేటప్పుడైనా కనపడాలి కదా? అంత పెద్ద స్క్రీన్ మీద పెట్టుకుని, ఒక్కొక్కటే చూసి, ఇవి బాగున్నాయని ఆయనే పంపారు కదా?

స్నానాల గదిలో నీళ్ల చప్పుడు వినపడుతుండగానే ఆమె అతని కెమెరాను పెట్టెలోంచి తీసింది.

“చిట్టీ, కిటికీ దగ్గర నిలబడు.”

“ఎందుకు?”

“నిలబడమంటే నిలబడవే.”

భర్త నేర్పినట్టే ఫోకస్ చేత్తో తిప్పి, కూతురి కంటి మీద ఆపి, బటన్ నొక్కింది. కటక్ మంది. ఇంకోటి తీసింది. కెమెరా వెనక తెర మీద పెద్దది చేసి చూసింది. చిట్టి కనురెప్ప వెంట్రుకలు ఒక్కొక్కటీ విడివిడిగా కనపడ్డాయి. రెప్ప చివర అంటిన కాటుక రేణువు కూడా.

చిట్టి తల్లి భుజం మీంచి తొంగి చూసింది.

“బాగానే ఉందిగా కెమెరా. మరి నాన్న ఎందుకు...”

మాట మధ్యలో ఆగిపోయింది. తల్లీకూతుళ్లిద్దరూ ఆ తెర వైపే చూస్తూ ఉండిపోయారు. స్నానాల గదిలో అతను హుషారుగా ఏదో కూనిరాగం తీస్తున్నాడు.

“నాన్నతో ఏమీ అనకు,” అంది తల్లి.

“అమ్మా...”

“నేను చెప్తాను. నువ్వు కాలేజీకి పో.”

పక్కగదిలోంచి అత్తగారి గొంతు వినపడింది. “అమ్మాయ్, ఒకసారి ఇటు రా.”

*

అత్తగారు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉతికిన తువ్వాళ్లు మడత పెడుతోంది. ఆమెకు చూపు పోయి చాలాకాలమైంది. వెలుగుందా లేదా అన్నంత వరకే తెలుస్తుంది. అయినా ఆమె పెట్టిన మడతలో అంచుకు అంచు తప్పదు.

“ఇందాక వాడి కెమెరాతో తీసింది నువ్వేనా?”

“ఎలా తెలిసిందత్తయ్యా?”

“దాని చప్పుడు లావు. నీది సన్నం. వాడు స్నానం చేస్తున్నాడు, పాడటం వినపడుతూనే ఉంది కర్మ. ఎలా వచ్చింది ఫోటో?”

“బాగా వచ్చింది.”

“ఊఁ.” అత్తగారు ఇంకో తువ్వాలు అందుకుంది. “అయితే కొత్తది కొనకండి.”

ఆమె గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

“కూర్చో. నువ్వు నిలబడి ఉంటే నా మాట నీ తల మీంచి పోతుంది. వాడీమధ్య రోజూ ఆ తలుపుకి భుజం కొట్టుకుంటున్నాడు. విన్నావా? కొట్టుకుని తలుపునే తిడుతున్నాడు. నేనూ అలాగే బల్బుల్ని తిట్టాను.”

“ఆ బల్బుల కథేనా?”

“ఈ బల్బుల్లో వెలుగు చచ్చింది, ఏం మనిషివి నువ్వు, మంచి బల్బు తేలేవా అని మీ మామయ్య మీద ఎగిరేదాన్ని. పాపం ఆయన తెచ్చేవారు. వంటింట్లో మార్చారు, వరండాలో మార్చారు, చివరికి స్నానాల గదిలో కూడా దుకాణంలో పెట్టేంత పెద్ద బల్బు పెట్టారు. కొత్తది పెట్టిన నాలుగు రోజులు బాగానే కనపడేది. అదిగో, బల్బుదే తప్పు అనుకునేదాన్ని. ఇంట్లో మార్చడానికి బల్బులు అయిపోయాక డాక్టరు దగ్గరికి వెళ్లాం.”

ఆమెకు ఈ కథ తెలుసు. కానీ అత్తగారు నవ్వుతూ చెప్పేది. ఎప్పుడూ ఇలా చెప్పలేదు.

“ఏమన్నాడో తెలుసా డాక్టరు? ఇంత ఆలస్యం ఎందుకు చేశారమ్మా అన్నాడు. ముందే వస్తే ఉన్నది నిలబెట్టేవాణ్ణి అన్నాడు.” ఆమె చేతులు తువ్వాలు మీద ఆగాయి. “నా దగ్గర్నించే వచ్చింది అమ్మాయ్ వాడికి. ముక్కు మీ మామయ్యది. కోపమూ ఆయనదే. ఇదొక్కటీ నాది.”

“అలా అనకండి అత్తయ్యా. ఇంకా ఏమీ తెలీదు కదా.”

“నీకు తెలుసు. తెలుసు కాబట్టే ఆ కెమెరా తీసి చూశావు.”

ఆమెకు ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పనిదంతా, మసక ఫోటోలు పారేయడం, వాటి స్థానంలో తనవి పెట్టడం, ఆయన మురిసిపోవడం, తను అవునవునంటూ ఉండటం, అన్నీ ఆ తువ్వాళ్ల పక్కన కూర్చుని చెప్పేసింది. చెప్తే అత్తగారు తల మీద చెయ్యి వేసి ఓదారుస్తుందనుకుంది.

అత్తగారు ఓదార్చలేదు.

“ఎన్నాళ్ల నుంచి?”

“చాలాకాలం నుంచి.”

“మీ మామయ్యా అంతే. నాకు పేపర్లో అక్షరాలు ఆనడం లేదని ఆయనకు తెలుసు. తెలిసి కూడా, ‘నేనే చదివి వినిపిస్తాలే, నీ చేతిలో పనుందిగా’ అనేవారు. నాకు కష్టం తెలియనివ్వలేదు. అంత మంచి మనిషి.” మడతపెట్టిన తువ్వాలు పక్కన పెట్టింది. “ఆయన చదవకుండా ఉంటే నేను ఆర్నెల్లు ముందు డాక్టరు దగ్గర ఉండేదాన్ని. ఆ మాట ఆయనతో ఒక్కసారీ అనలేకపోయాను. నీతో అంటున్నాను.”

ఆమె ముఖం చేతుల్లో దాచుకుంది. అత్తగారికి కనపడదని తెలిసి కూడా దాచుకుంది.

“ఆ కొత్తదైతే కళ్లతో పనే లేదట అత్తయ్యా. అదే చూసుకుంటుందట.”

“అదే నా భయం. ఫోటోలు బాగా వస్తుంటే వాడింకే డాక్టరు గడపా తొక్కడు. చెప్పు వాడికి. నేను చెప్తే ముసలిదాని చాదస్తం అంటాడు.”

*

మర్నాడు ఉదయం ఇద్దరూ స్కూటర్ మీద షాపుకు వెళ్లారు. అతను నడపబోతే, “వెనక కూర్చోండి, నాకు బజార్లో పనుంది, నేనే తోల్తాను,” అంది. అతను మారు మాట్లాడకుండా వెనక కూర్చుని, రెండు పెట్టెలూ ఒళ్లో పెట్టుకున్నాడు. బండి తాళం తనకు కాక ఇంకొకరికిస్తే సహించని మనిషి. అంత తేలిగ్గా వెనక కూర్చోవడం ఆమెకు నచ్చలేదు.

దారిలో చెప్పాలనుకుంది. సిగ్నల్ దగ్గర చెప్పాలనుకుంది. షాపు ముందు బండికి స్టాండు వేసేటప్పుడు చెప్పాలనుకుంది.

షాపాయన వాళ్లను చూడగానే కౌంటరు మీద మెత్తని గుడ్డ పరిచాడు. కొత్త కెమెరా తెచ్చి, కొత్తగా పుట్టిన బిడ్డను అందించినట్టు రెండు చేతులతో అందించాడు.

“పట్టుకోండి సార్. బరువు చూడండి. పాతదాంట్లో సగం లేదు.”

అతను పట్టుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. పిడికిలికి సరిపోయిందో లేదో చూసుకున్నాడు. కౌంటరు వెనక నుంచి వచ్చే వెలుతురు ఎటుందో చూసుకుని, భార్యను చెయ్యి పట్టి కాస్త పక్కకు జరిపాడు. ఎన్ని వందల ముఖాలను అలా జరిపిన చెయ్యో అది.

“కదలకు.”

కెమెరా ఎత్తి కంటికి ఆనించుకున్నాడు. ఎడమ కంటికి.

 పరిచయమైన నాటినుంచి ఈ మనిషి కెమెరాను కుడికంటికి తప్ప పెట్టుకోగా ఆమె చూడలేదు. ఎడమ కన్ను మూసి, కుడి కన్ను కెమెరా వెనక చిన్న కిటికీకి ఆనించి, ముక్కు పక్కకు తప్పించడం అతని సంతకంలాంటిది. ఇప్పుడు ముక్కు తెరకు ఒత్తుకుంటోంది. వేళ్లకు చోటు కుదరక తడబడుతున్నాయి. అయినా ఎడమ కంటితోనే చూస్తున్నాడు.

క్లిక్కుమన్న చప్పుడు కూడా లేదు.

అతను కెమెరా దించి, తెరను ముఖానికి బాగా దగ్గరగా పెట్టుకుని చూశాడు. పెద్దది చేసి చూశాడు. ఇంకా పెద్దది చేసి చూశాడు. ఆ తర్వాత ఆ ముఖం వెలిగిన తీరు చూస్తే ఎవరికైనా కళ్లు చెమరుస్తాయి.

“చూడు, చూడు! నీ కనురెప్పలు చూడు! ఒక్కటి... ఒక్కటైనా మసక ఉందా?” పసివాడిలా తెర ఆమె ముందు పెట్టాడు. “నేనే తీశాను. ఇప్పుడే. నువ్వు చూస్తుండగా తీశాను!”

ఫోటోలో ఆమె నిద్రలేని కళ్లతో, భయపడుతూ ఉంది. నిజంగానే అద్దంలా వచ్చింది. ఆ క్షణంలో అతను ఏమడిగినా ఆమె ఇచ్చేసేదే. తన కెమెరా ఏం ఖర్మ, తన కళ్లు అడిగినా ఇచ్చేసేది.

“ఇచ్చేద్దాం సార్, ఆ పాతవి చూడనివ్వండి,” అని షాపాయన పెట్టెలు తెరిచాడు. పెద్ద కెమెరాకు తన లెన్సు తగిలించి, గోడ మీద అతికించిన చదరాల కాగితాన్ని నాలుగైదు ఫోటోలు తీశాడు. కంప్యూటరుకు తగిలించాడు. నొసలు చిట్లించాడు. ఆమె లెన్సూ పెట్టి చూశాడు, అతని లెన్సూ పెట్టి చూశాడు.

“ఫోన్ చేసినప్పుడు ఫోకస్ జారుతోందన్నారు సార్. ఏమీ లేదే? వెంట్రుకవాసి తేడా లేదు. బాగా చూసుకున్న కెమెరా. నాకు బేరం వద్దని కాదుగానీ, దీనికేం తక్కువైందని మారుస్తున్నారు?”

ఆమె భర్త వైపు చూసింది. నిర్ఘాంతపోతాడనుకుంది. వాదిస్తాడనుకుంది.

అతను ఆశ్చర్యపోలేదు. కొత్త కెమెరా పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ తల వంచుకుని నిలబడ్డాడు.

“ఒక్క నిమిషం,” అని షాపాయనకు చెప్పి, ఆమె అతని మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

*

షాపు పక్కన బస్సు ఆగే చోట ఒక సిమెంటు బెంచీ ఉంది. ఇద్దరూ దాని మీద కూర్చున్నారు. ముందు బళ్లు వస్తున్నాయి, పోతున్నాయి.

“కెమెరాలో ఏమీ లేదని మీకు ముందే తెలుసు,” అంది ఆమె.

అతను రోడ్డు వైపు తిరిగాడు.

“నేనూ మీకొకటి చెప్పాలి. చెప్పాక మీరేమన్నా సరే, పడతాను. మన ఆల్బముల్లో ఈమధ్య...”

“నీవి.”

“ఏంటి?”

“ఫోటోలు. నీవి.” అతను రోడ్డు వైపే చూస్తున్నాడు. “తెలుసు.”

ఆమె అతని వైపు తిరిగి కూర్చుంది.

“నేను తాడిచెట్టంత మనిషిని. నేను తీస్తే పెళ్లికూతురి పాపిట కనపడుతుంది. నువ్వు నా భుజం ఎత్తుకు వస్తావు. నువ్వు తీస్తే గడ్డం కింద పుట్టుమచ్చ కనపడుతుంది. కన్ను ఎంత మసకైనా, ఫోటో ఎంత ఎత్తు నుంచి తీశారో తెలీదా నాకు? ఇన్నేళ్లు ఇదే పని చేసి?”

“మరి ఎక్కడ పట్టుకున్నానో చూశావా అని మురిసిపోయేవారు?”

“నువ్వంత కష్టపడి దాస్తుంటే మురవకపోతే ఏం బాగుంటుంది?”

ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది. ఎదురుగా బస్సు కోసం నిలబడ్డవాళ్లు ముఖాలు అటు తిప్పుకున్నారు.

“బాగుందండీ. బ్రహ్మాండంగా ఉంది. మీకు తెలీదని నేను, నాకు తెలీదని మీరు. ఇద్దరం కలిసి ఎవరి కళ్లకు గంతలు కట్టాం?”

“మొదట్లో నీ కోసమే మురిశాను. ఒట్టు. ఒక్కొక్కటీ చూస్తుంటే ఎంత బాగా తీస్తున్నావో అనిపించేది. తర్వాత్తర్వాత భయమేసింది. నువ్వు లేకపోతే నేను లేను అని తెలిసిపోయింది. ఆ పెళ్లిలో అదే రుజువైంది.” గొంతు తగ్గింది. “అందుకే రెండోది ఉండకూడదనుకున్నాను. ఒక్కటే ఉంటే ఒక్కరే తీస్తారు.”

“ఆ ఒక్కరూ మీరే కావాలి.”

“ఊఁ.”

“నా చేతుల్లోది లాక్కుని.”

“ఊఁ.” అతను తల ఇంకా వంచుకున్నాడు. “తప్పే. నిన్న నువ్వు ‘మీ ఇష్టం’ అన్నప్పుడే తెలిసింది, తప్పని.”

కోప్పడాలో జాలిపడాలో ఆమెకు తేలలేదు. రెండూ ఒకేసారి వస్తుంటే మనిషి ఏం చేస్తుంది? పైట కొంగుతో ముఖం తుడుచుకుంది.

“సరే. కెమెరా గొడవ తర్వాత చూసుకుందాం. కొందాం, మానేద్దాం, ఏదో ఒకటి. ముందు లేవండి. డాక్టరు దగ్గరికి పోదాం. ఇప్పుడే. అత్తయ్యకి జరిగింది మీకు జరగనివ్వను.”

అతను లేవలేదు.

“వెళ్లాను,” అన్నాడు.

“ఎప్పుడు?”

“ఆల్బమ్ విసిరేసి వెళ్లిన మర్నాడే. అమ్మకు వచ్చిందే. చుక్కల మందు ఇచ్చారు. పోయింది రాదట. ఉన్నది ఉంచుకోవచ్చట. కుడికన్ను పోయినట్టే, ఎడమది ఇంకా ఫరవాలేదన్నారు.”

ఆమె అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. అనుకున్నంత ఘోరం కాదు. ఉన్నది ఉంచుకోవచ్చు. ఆ ఒక్క మాటా పట్టుకుని గుండె కుదుటపరచుకుంది.

“మరి నాతో ఎందుకు చెప్పలేదు? చుక్కలు వేయడానికైనా మనిషి కావాలి కదా? మీ కంట్లో మీరే వేసుకుంటే సగం చెంపకి పోతుంది.”

అతను ఆమె చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసుకున్నాడు.

“డాక్టరు ఇంకోటి కూడా అడిగారు.”

“ఏమని?”

“అమ్మకుంది, మీకుంది, మీకు పిల్లలున్నారా అని.”

రోడ్డు మీద ఏదో పెద్ద బండి పోయింది. 

“ఉందన్నాను. ఒక్కతే అన్నాను. రేపే తీసుకురండి, చిన్న వయసులోనే చూపిస్తే మంచిది అన్నారు.”

“రేపే అన్నారా?” ఆమె అతని ముఖం తనవైపు తిప్పుకుంది. “ఆల్బమ్ విసిరేసిన మర్నాడు అన్న ‘రేపు’ అది. అది ఎప్పుడో దాటిపోయింది.”

“దాన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టాలంటే నాకు కాళ్లు రావడం లేదు,” అన్నాడు అతను. “దానికీ ఉందంటే?”

వెనక షాపు అద్దం తలుపు తెరుచుకుంది. షాపాయన సగం బయటికి వంగి, “మేడం, బిల్లు రాసేయమంటారా?” అని అడిగాడు. ఇద్దరిలో ఒక్కరూ తల తిప్పలేదు.

ఆమె ఫోన్ తీసి కూతురి నంబరు నొక్కింది. మోగుతోంది. ఏమని చెప్పాలో మాట కూడగట్టుకునే లోపే అటునుంచి ఎత్తారు. చుట్టూ కాలేజీ పిల్లల కేరింతలు.

“అమ్మా!” అంది చిట్టి హుషారుగా. “కొనేశారా?”